గోడ మీద నుంచి తీయించిన రెండు చిత్రాల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం మన హాలులో పెట్టిన పిల్లల ప్రదర్శన నుంచి రెండు చిత్రాలను మధ్యాహ్నానికల్లా తీయించాను. అప్పటి నుంచి గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే మాట. పక్షపాతం చూపామని కొందరు అంటున్నారట. కారణం నేనే చెబుతాను.

మొదటిది తేనెపిట్ట గూటి ఫోటో. కూనల నోళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఎందుకంటే గూటిని కప్పి ఉండాల్సిన ఆకులన్నీ కత్తిరించేశారు. తెగిన కాడలు కూడా ఫోటోలో ఉన్నాయి. ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా ఆ కూనలను కాచేవి ఆ ఆకులే. కత్తెర పట్టింది ఇంట్లో పెద్దవారేనని తెలిసింది. రెండోది నీటిరంగుల్లో వేసిన పళ్లబుట్ట. అది ఐదో తరగతి చెయ్యి కాదని మా డ్రాయింగు మాస్టారు చూడగానే గుర్తుపట్టారు. పిల్లలకు సాయం చేయాలన్న మీ ప్రేమను గౌరవిస్తాను. అయితే బొమ్మ కింద ఉన్నది పాప పేరు, మీ పేరు కాదు. ఆ పిల్లలిద్దరినీ బడిలో ఎవరూ ఒక్క మాట అనలేదు, అననివ్వను.

పరీక్షల ముందు ఈ బొమ్మలెందుకని అడిగిన వారు దయచేసి ఒకసారి హాలులోకి రండి. ఎడమ గోడ మీద ఆరో తరగతి అమ్మాయి వేసిన స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) ఉంది: రెండు వంకాయలు, ఒక స్టీలు చెంబు. చెంబు పొట్టలో వంకాయ ప్రతిబింబం వంకర తిరిగి సాగింది. ఆ వంపును ఆమె ఉన్నదున్నట్టు పట్టుకుంది. బల్ల మీద పడిన నీడకు నల్లరంగు పూయలేదు, ఊదాలో కొంచెం నీలం కలిపింది. అలా వేయమని ఎవరూ చెప్పలేదు, కిటికీ వెలుగులో కూర్చుని తానే చూసింది. చూడటం వచ్చిన పిల్లకు సైన్సు ప్రయోగం రాయడం కష్టమా?

దాని పక్కనే తొమ్మిదో తరగతి అబ్బాయి మన చెన్నైలోని పళ్లికరణై చిత్తడినేలలో తీసిన గూడబాతుల ఫోటో ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకు 2022లో ఎక్కిన ఆ నేల అంచున చెత్త గుట్ట కూడా ఫోటోలో పడింది. ఫోనులో దాన్ని చెరిపేయమని ఇంట్లో చెప్పినా అతడు ఒప్పుకోలేదు. ప్రకృతి ఛాయాచిత్రాల అంతర్జాతీయ పోటీల నియమమూ అదే: ఫోటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. మన చెన్నైవాసి, ప్రకృతి ఛాయాచిత్రకారుడు ఎం. కృష్ణన్ స్వయంగా కూర్చుకున్న కెమెరాతో, నలుపు తెలుపుల్లోనే అడవి ఏనుగులను చూపించారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ అబ్బాయి ఆ దారిలోనే ఉన్నాడని నా నమ్మకం.

గ్రీమ్స్ రోడ్డులోని లలిత కళా అకాడమీ గ్యాలరీకి ఏడో తరగతిని తీసుకెళ్లినప్పుడు చాలామంది ప్రతి చిత్రానికీ ఫోను ఎత్తి, క్లిక్ మనిపించి, ముందుకు నడిచారు. ఫోన్లు సంచిలో వేయించి, నచ్చిన ఒక్క బొమ్మ ముందు కూర్చోమన్నాక గాని కళ్లు పని చేయలేదు. అన్నం ముద్ద దిగడానికి కూడా ఫోను చేతికిచ్చే ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. కనీసం భోజనం వేళ మానిపించగలిగితే ఎంతో సంతోషిస్తాను.

రెండో విడత ఫీజు ఈ నెలాఖరుకు కట్టాలి, అర్ధసంవత్సర పరీక్షల పట్టిక డైరీలో అంటించాం, వానలకు సెలవు ఉంటే సందేశం వస్తుంది.

ప్రదర్శన శుక్రవారం సాయంత్రం వరకు ఉంటుంది. వచ్చే నెల ఎనిమిది, తొమ్మిది తరగతులను చోళమండల్ కళాగ్రామానికి తీసుకెళ్తున్నాం. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు 1966లో బాతిక్ (మైనం అద్ది రంగులు వేసే) బట్టలు, చేతిపనులు అమ్మిన డబ్బుతో నిలబెట్టుకున్న కళాకారుల ఊరు అది. అనుమతి పత్రం సోమవారంలోగా పంపండి. ఆ రోజు పిల్లలకు పాత బట్టలు వేయండి, రంగు అంటించుకుని ఇంటికి వస్తే తిట్టకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు