విషయం: గింబల్ రోల్ మోటారు ఫిర్యాదు – నాతో మాట్లాడకుండానే మూసేసిన టికెట్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

యంత్రమన్నాక పాడవుతుంది. దానికి నాకు కోపం లేదు. కెమెరాను వణక్కుండా, ఒరగకుండా నిలపాల్సిన గింబల్ వారంటీలో ఉండగా, అది బాగైందో లేదో నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా ఫిర్యాదు టికెట్ మూసేసి 'మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి' అని మెసేజ్ పెట్టారు చూడండి, ఈ ఉత్తరం అందుకు.

మీ దగ్గర ఫోనెత్తిన ప్రతివారూ మొదట అడిగేది 'సార్, బ్యాలెన్స్ చేశారా?' అనే, అంటే కెమెరా బరువు ఏ వైపూ మొగ్గకుండా సరిచేశానా అని. చేశానండీ. బ్యాటరీ, కార్డు, ఫిల్టర్ పెట్టి, లెన్స్ క్యాప్ తీసి, పవర్ ఆపి, ముందు టిల్ట్ (పైకీ కిందికీ), తర్వాత రోల్ (పక్కలకు ఒరిగేది), చివర్లో పాన్ (ఎడమకూ కుడికీ). లెన్స్ పైకి తిప్పి వదిలినా అలాగే నిలుస్తోంది. హ్యాండిల్ వంచి పట్టుకున్నా పాన్ ఆర్మ్ జారడం లేదు. పవర్ లేనప్పుడు వేళ్లతో తిప్పితే మిగతా రెండూ సాఫీగా తిరుగుతున్నాయి, రోల్ మాత్రం ఒకే చోట గరగరమని పట్టేస్తోంది. స్టిఫ్‌నెస్, అంటే మోటార్ల పట్టు, పెంచితే వణుకు, తగ్గిస్తే ఫ్రేమ్ ఒరిగిపోతోంది. బేరింగో, మోటారు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడరో పోయిందని ఈ పని తెలిసినవాళ్లెవరైనా చెబుతారు. ఫోనెత్తిన మీ కస్టమర్ కేర్ అమ్మాయి ఇదంతా ఓపిగ్గా విని, 'ఒకసారి బ్యాలెన్స్ చేసి చూడండి సార్' అంది.

తర్వాతి ఆయన ఫర్మ్‌వేర్ (గింబల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమన్నాడు. అదీ అయింది, ఆరు వైపులా తిప్పి పెట్టి సెన్సర్లను సరిచేసే క్యాలిబ్రేషనూ అయింది. ఇంకొకాయన నెమ్మదిగా నడవమని సలహా ఇచ్చాడు! మూడు యాక్సిస్‌ల గింబల్ అడుగుల ఎగుడుదిగుడును ఆపదని, మోకాళ్లు వంచి, మడమ నుంచి వేళ్ల మీదికి ఒత్తుతూ నడవాలని పెళ్లిళ్ల వీడియోలు తీసే కొత్త కుర్రాడికైనా తెలుసు. నా గింబల్ బల్ల మీద నిలబెట్టినా ఒరుగుతోంది. బల్ల నడవదు కదండీ. వీడియో పంపమన్నారు, పంపాను. తర్వాత మాట్లాడినవాళ్లు అదే వీడియో మళ్లీ అడిగారు.

ఇక సర్వీస్ సెంటర్. హెడ్డాఫీసు అప్రూవల్ రావాలని వాళ్లు, సర్వీస్ సెంటర్ రిపోర్టు రావాలని మీరు. చివరికి 'లోపమేమీ లేదు' అని రాసి తిప్పి పంపారు. రోల్ మోటారు కవర్ స్క్రూల మీద పంపేముందు నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాను. ఒక్కటీ చెదరలేదు. కవర్ విప్పకుండానే లోపల బాగుందని చెప్పిన మీ టెక్నీషియన్‌కు నా దండాలు.

మీ మొదటి మోడల్ నుంచీ మీ గింబల్‌లే వాడుతున్నాను, నా మాట విని కొన్న ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. ఇకమీదట వాళ్లకేం చెప్పాలో మీరే చెప్పండి. మోటారు మారుస్తారో, కొత్తదే ఇస్తారో, డబ్బు వాపసు చేస్తారో మీ ఇష్టం. ముందు నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషెవరైనా నాకు ఫోన్ చేయాలి. వారంలోగా రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు కూడా లేదు. మీ లాయరు మాత్రం మా ఊరు రావాలి.

బిల్లు, వారంటీ కార్డు, మీ రిపోర్టు, చుక్కలున్న స్క్రూల ఫొటోలు జతచేశాను. వీడియో మూడోసారి పంపను.

ఇట్లు,
మీరు టికెట్ మూసేసిన కస్టమర్