కొండ మీద రూములు వద్దు, ఒక చాటు చాలు

ఎడిటర్ గారికి,

మాది అంబాజీపేట. పెళ్లిళ్లకీ పేరంటాలకీ షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, జనరేటర్ అద్దెకిచ్చే సప్లయ్ కంపెనీ నాది. ఇదివరకు కార్తీకమాసం వచ్చిందంటే వనభోజనాలకని మా సామాను కొబ్బరితోటల్లోకి వెళ్లేది. ఇప్పుడు మారేడుమిల్లి అవతల కొండ మీద రాత్రి పడుకుంటాం, టెంట్లు, జనరేటర్, సౌండ్ బాక్సులు కావాలంటున్నారు. తిరిగొచ్చాక అందరిదీ ఒకటే పాట: "అక్కడేమీ లేదండీ బాబూ! కరెంటు లేదు, సిగ్నల్ లేదు, రూములు లేవు. గవర్నమెంటు కట్టించొద్దా?"

వద్దనే నేనంటాను. సంక్రాంతికి కొత్త అల్లుణ్ని తీసుకెళ్తున్న ఒక కుటుంబం అడిగితే, సామానుతో పాటు నేనూ వెళ్లాను. రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా ఘాట్ ఎక్కి, ఆ పైన జీపులో. కొండ పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో నలభై బండ్లు ఎక్కుతాయి.

మన ఒండ్రు నేలలో మేకు రెండు దెబ్బలకే దిగిపోతుంది. అక్కడ పైన గడ్డి, కింద రాయి. మేకులు వంకర్లు పోయాయి. చివరికి బియ్యం సంచుల్లో రాళ్లు నింపి తాళ్లు వాటికి కట్టాం. రాత్రి గాలి లేచేసరికి ఎత్తుగా వేసిన షామియానా ఆగేలా లేదని దించేసి, ధాన్యం మీద కప్పే బరకాన్నే నేలకి దగ్గరగా వాలుగా కట్టాం. కుర్రాళ్లు చలికి భయపడి తమ టెంట్లు నాలుగు వైపులా బిగించుకుని పడుకున్నారు. తెల్లారి చూస్తే లోపలంతా చినుకులే. టెంటు కారిందని నా మీద పడ్డారు. కారలేదు. వాళ్ల ఊపిరే చల్లటి గుడ్డకి తగిలి నీరయింది. గాలి తగలని పక్క కాస్త తెరిచి ఉంచితే ఈ బాధ ఉండదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. జనరేటర్ ఆపేశాక కనపడిన చుక్కల్ని చూసి సౌండ్ బాక్సు సంగతే మర్చిపోయారు. (నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటోంది.)

సర్దుకోలేనిది ఒక్కటే. అల్లుడిగారికి కొండ మీద కూడా పూతరేకులతో సహా అన్ని మర్యాదలూ జరిగాయి. ఆ ఇంటి ఆడవాళ్లు మాత్రం మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేశారు. ఎక్కడా చాటు లేదు మరి. మగవాళ్లు ఎటు పడితే అటు వెళ్లొచ్చారు. ఆ వాలులోనే కింద వాగు. ఇంకా కిందకి వెళ్తే కొండరెడ్ల ఊళ్లు. వాళ్లు తాగేది ఆ ఊట నీళ్లే.

దీనికి కాంక్రీటు అక్కర్లేదు. వాగుకీ ఊటకీ కనీసం రెండొందల అడుగుల దూరంలో లోతైన గుంట, పైన రెండు చెక్కలు, చుట్టూ తడికెలు, పక్కన ఒక డబ్బాలో బూడిదో పొడి మట్టో ఉంటే చాలు. వెళ్లినవాళ్లు ఓ చేరెడు చల్లి వస్తారు. గుంట నిండకముందే పూడ్చి ఇంకోచోట తవ్వాలి. 2015 పుష్కరాలకి రేవుల దగ్గర అంతమందికి తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టగలిగాం. 2027లో మళ్లీ పుష్కరాలు. స్నానాలు చేసినవాళ్లలో సగం మంది కొండలు కూడా చూసొద్దామనే అంటారు, రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. బిరియానీ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు ఎక్కేటప్పుడు లెక్కపెట్టి డిపాజిట్ కట్టించుకోవాలి. ఖాళీవి కిందకి తెస్తేనే డబ్బు తిరిగివ్వాలి. నేను గ్లాసులూ ప్లేట్లూ అద్దెకిచ్చేది అలాగే. ఒక్కటి తగ్గినా డబ్బు పట్టుకుంటాను కాబట్టి అన్నీ తిరిగొస్తాయి.

తడికెలు, బరకాలు, తాళ్లు నేనిస్తాను, అద్దె వద్దు. గుంట ఎక్కడ తవ్వాలో అటవీ శాఖ వాళ్లు కింది ఊళ్ల పెద్దల్ని అడిగి చూపిస్తే చాలు.

ఇట్లు,
ఒక సప్లయ్ కంపెనీ యజమాని,
అంబాజీపేట, కోనసీమ