పక్క చేను గట్టు మీద నుంచి రాయవలసిన నవల

సంపాదకుల వారికి,
నమస్కారములు.

హఠాత్తుగా చేతికందిన డబ్బు ఒక మామూలు కుటుంబాన్ని ఎలా తలకిందులు చేస్తుందన్నది తెలుగు నవలకు కొత్త వస్తువు కాదు. లాటరీ తగలడం, పెరట్లో లంకెబిందెలు దొరకడం, ఎన్నడూ చూడని బంధువు ఆస్తి రాసిపోవడం వంటి కథలను వారపత్రికల్లో ధారావాహికలుగా చదువుతూ పెరిగిన తరం మాది. అయితే ఆ కథల్లో సాధారణంగా డబ్బు ఒక్కరికే వస్తుంది, ఆ ఒక్కరే మారతారు, చివరికి ఆ ఒక్కరే పశ్చాత్తాపపడతారు. 1990ల తొలి సంవత్సరాల్లో గోదావరి డెల్టాలో రొయ్యల సాగు తెచ్చిన డబ్బును దగ్గర నుంచి చూసినవాడిని కనుక, మా ప్రాంతానికి ఆ చట్రం చాలదని నా గట్టి నమ్మకం. ఇక్కడి నవలను డబ్బు వచ్చిన ఇంటి నడవలో కూర్చుని కాక, పక్క చేను గట్టు మీద నిలబడి రాయాలని రచయితలకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేల తరతరాలుగా వరి మీదనే బతికింది. సార్వాకు, అంటే తొలి పంటకు ఎన్ని బస్తాలు, దాళ్వాకు, అంటే రెండవ పంటకు ఎన్ని బస్తాలు అన్నది తెలిస్తే ఒక ఇంటి అప్పు, పెళ్ళి, మర్యాద అన్నీ ఊరందరికీ తెలిసినట్టే ఉండేది. టైగర్ రొయ్య ఆ లెక్కను చెరిపివేసింది. సుమారు నాలుగు నెలల్లో పంట చేతికి వచ్చేది. కిలోకు 30 తూగితే 30 కౌంటు, కౌంటు ఎంత తగ్గితే ధర అంత పెరిగేది. ఆ ధరను నిర్ణయించేది మాత్రం జపాన్‌లోనో అమెరికాలోనో ఉన్న కొనుగోలుదారులు.

మా ఊరు కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరుకు దగ్గర. మా నాన్నగారికి ఉన్నవి 2 ఎకరాలు. తూర్పు గట్టుకు అవతలి చేను మా వీధిలోనే ఉండే ఒక చిన్న రైతుది. ఆయన నాన్నగారిని అన్నయ్యా అని పిలిచేవారు, నాన్నగారు ఆయనను ఒరేయ్ తమ్ముడూ అనేవారు, బోదె, అంటే చేలకు నీరు పారే చిన్న కాలువ నీటిని ఇద్దరూ వంతులవారీగా పెట్టుకునేవారు. ఆయన తన చేనును చెరువుగా తవ్వించి తొలి పంట తీసిన రోజున గట్టు పక్కకు ఐసు లారీ వచ్చింది, కాటా వేశారు, చీకటి పడకముందే ఒక బుట్టెడు రొయ్యలు మా ఇంటికి పంపించారు. ఆ సంవత్సరం తిరగకుండానే ఊరు ఆయన పేరు చివర గారు చేర్చింది. నాన్నగారు సైతం ఆయనను మీరు అనడం మొదలుపెట్టారు. మీరేమిటి అన్నయ్యా, నేనేం తప్పు చేశాను అని ఆయన మా అరుగు మీద కూర్చుని అడిగిన తీరు నాకు నేటికీ గుర్తుంది. నాన్నగారు జవాబు చెప్పలేకపోయారు, పాత పిలుపూ తిరిగి రాలేదు. డబ్బు వచ్చిన మనిషి గర్వించడం గురించి నవలలు విస్తారంగా చెప్పాయి గానీ, గర్వించని మనిషికి సైతం ఊరు ఒక దూరాన్ని కట్టబెట్టడం గురించి చెప్పినవి నా కంటబడలేదు.

ఆ ఏడాదే మా చెల్లెలికి కుదరబోయిన సంబంధం వెనక్కి పోయింది. పెళ్ళివారు అడిగిన కట్నం చెరువుల లెక్క, మా ఇంట ఉన్నది బస్తాల లెక్క.

అంతకన్నా లోతైన దెబ్బ నేలకు తగిలింది. రొయ్యల కోసం తోడి నిలిపిన ఉప్పునీరు చెరువులోనే ఉండదు, గట్టు కిందుగా ఊరుతుంది. రెండవ సార్వా నాటికి మా తూర్పు మడుల్లో పైరు ఎర్రబారి, వెన్ను వేయకుండా నిలిచిపోయింది. ఒక చేను చెరువయితే పక్క చేను ఇక చేనుగా మిగలడం కష్టమన్న సంగతి డెల్టా రైతులకు బాగా తెలుసు. ఆశతో తవ్వుకున్నవారు కొందరయితే, తవ్వక గతిలేక తవ్వుకున్నవారు మరికొందరు. ఆ రెండవ కోవలోనివారయిన మా నాన్నగారు 1994లో అప్పు తెచ్చి చెరువు తవ్వించారు. ఆ ఏడూ మరుసటి ఏడూ రొయ్యలకు సోకే తెల్లమచ్చ తెగులు తీరప్రాంతపు చెరువులను తుడిచిపెట్టింది. ఆయన నిద్రలేని రాత్రులు నేను చూశాను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య పైకి తేలుతుంది, కనుక టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగేవారు. వరి రైతుగా అర్ధరాత్రి చేనుకు ఎన్నడూ పరుగెత్తని మనిషి ఆయన.

పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. అప్పటికే మా మడుల్లో ఉప్పు దిగిపోయింది.

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. పూర్వం ఆ పక్క చేను రైతు ఇల్లాలు మంచినీటికి మా నూతికే వచ్చేది. డబ్బు వచ్చాక వారు నీళ్ళు కొనుక్కోవడం మొదలుపెట్టారు, ఆమె రాక ఆగిపోయింది. తెగులు వచ్చి, బంగారం బ్యాంకుకు చేరి, ఆమె మళ్ళీ బిందె పట్టుకుని మా దొడ్డి గుమ్మంలో నిలబడే నాటికి మా నూతి నీరు ఉప్పగా మారిపోయింది. అమ్మ ఆ మాట ఆమెతో అనలేదు. పొద్దున్న మంచినీళ్ళ చెరువు నుంచి మోసుకొచ్చిన నీటిలో సగం ఆమె బిందెలో పోసి పంపింది.

ఈ కథ పాతబడిందని ఎవరూ అనుకోనక్కరలేదు. 2009లో వనామీ అనే మరో రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది. తక్కువ ఉప్పదనంలోనూ పెరిగే రకం కావడంతో చెరువులు సముద్రానికి దూరమైన ఊళ్ళలోకీ పాకాయి. 2025 ఆగస్టులో భారతదేశపు సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం పరిసరాల రైతు మళ్ళీ గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఇక ఊడ్పులకు, కోతలకు వెళ్ళే స్త్రీలకు చేలు తగ్గి పని తగ్గింది. వారిలో ఎందరో నేడు రొయ్యలు ఒలిచే షెడ్లలో ఐసు నీటిలో చేతులు పెట్టి రోజంతా నిలబడుతున్నారు. డబ్బు ఎన్నడూ రాని ఇంటిని సైతం డబ్బు మార్చిన తీరుకు వారి చేతుల కన్నా మంచి అధ్యాయం రచయితకు దొరకదు.

కావున తమరు ఆదివారం అనుబంధంలో డెల్టా రచయితల నుంచి ఇటువంటి నవలను ఆహ్వానించి ధారావాహికగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. చివర్లో ధనవంతుడిని శిక్షించి ముగించేది కాక, ఒక గట్టుకు రెండు వైపులా జరిగినదంతా ఓపికగా చెప్పేది కావాలి. మా నాన్నగారు ప్రతి పంటకూ వచ్చిన బస్తాలు, ఇచ్చిన కూలి, బోదె వంతులు రాసుకున్న లెక్కల పుస్తకాలు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. 1994 తరువాత వాటిలో బస్తాల గడి ఖాళీగా ఉంటుంది. ఆ నవల రాయబూనిన వారు ఎవరైనా సరే, వాటిని వారికి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఆకివీడు ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా.