మంత్రి గారూ, నట్టల మందు వానలకు ముందే ఇప్పించండి

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మా గొర్రెల పెంపకందారుల సంఘం ఇచ్చిన వినతిపత్రాలు మీ పేషీలోనే ఎక్కడో ఉండాలి. వాటిని వెతికించే శ్రమ మీకెందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

గొర్రెల కడుపులో పురుగులు, అదే నట్టలు, పోగొట్టే క్యాంపులు పెడుతున్నారు, కాదనను. ఎప్పుడు పెడుతున్నారన్నదే మా ఏడుపు. తొలకరి పడి పచ్చిక మొలిచిందంటే గొర్రె కడుపులో నట్టలు చేరతాయి. చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గినప్పుడు తేలే చెరువు భూమిలో, మేసినవాటికి నత్తల వల్ల కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) కూడా పడతాయి. మందు మాత్రం వరికోతలై, సగం మందలు వలసపోయాక దిగుతుంది. క్యాంపు ఫొటోలు బాగానే వస్తాయి, తాపడానికే గొర్రెలుండవు.

ఈలోగా మా దగ్గర ఏం జరుగుతుందో వినండి. సాయంత్రం మేసి వచ్చిన గొర్రెకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. తెల్లారేసరికి కాస్త తగ్గితే కొత్తవాళ్లు నయమైందనుకుంటారు. కంటి రెప్ప తిప్పి చూస్తే ఎరుపన్నదే ఉండదు. లోపల పురుగు రక్తం తాగేస్తుంటే గొర్రె మంద వెనకబడుతూ వచ్చి, ఒకరోజు ఇక లేవదు. చూడి గొర్రె పోతే రెండు ప్రాణాలు పోయినట్టే.

దవాఖానకు పోతే స్టాక్ లేదు, బయట కొనుక్కోమంటారు. ఉన్న రోజున ఇచ్చేది ఆల్బెండజోల్, కాదంటే ఫెన్‌బెండజోల్. రెండూ ఒకే జాతి మందులు. ఏళ్లుగా అవే తాపితే పురుగు మొండికెక్కదా? పైగా తూకం లేదు. 30 కిలోల గొర్రెకు 2.5 శాతం ఆల్బెండజోల్ 9 మిల్లీలీటర్ల దాకా పట్టాలి, పొట్టేలుకు ఇంకా ఎక్కువ. సీసా అన్నింటికీ సరిపెట్టాలి కాబట్టి అన్నింటికీ అదే మూత కొలత! సగం మందుతో బతికిపోయిన పురుగే మళ్లీ గుడ్లు పెడుతుంది. లేత జలగలను కూడా చంపాలంటే ట్రైక్లాబెండజోల్ కావాలి. దాని పేరెత్తితే మమ్మల్ని వింతగా చూస్తారు.

2017లో తెలంగాణ సర్కారు గొర్రెల పంపిణీ పథకం కింద యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు ఉన్న హడావిడిలో పావు వంతు మందు మీద చూపినా చాలు సార్.

వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టాక ఇంకోసారి మందు రావాలి. పెంటికలు పరీక్ష చేసి ఏ పురుగుందో చూసి ఇవ్వాలి. మందు మారుస్తూ ఉండాలి. సంఘానికో కాటా ఇప్పిస్తే మరీ మంచిది. అన్నింటికన్నా ముందు మందు రావాలి, దయచేసి మందు పంపండి.

ఈ ఏటి వానలింకా మొదలు కాలేదు. అవి పడేలోపు వస్తుందో రాదో ఒక్క మాట చెప్పించండి. రాదంటే అప్పో సప్పో చేసి మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
గొర్రెల పెంపకందారుల సంఘం సభ్యుడు,
పాలమూరు