విమానం చూసేది రాతి పైపొరనే

సంపాదకులకు,

విమానం నుంచి ఖనిజాలను గుర్తించే పద్ధతిపై మీరు వేసిన వార్తలో ‘భూగర్భాన్ని ఎక్స్‌రే తీసినట్లు’ అన్న మాట సరికాదు. బెంగళూరులో ఉంటూ కడప, కర్నూలు, అనంతపురం వైపు భూములున్న తెలుగువారు చాలామంది. అలాంటి ఖనిజ పటంలో రంగు చూసి ఎకరం ధర కట్టేస్తారేమోనని మా ఆందోళన.

విమానంలోని కెమెరా కొలిచేది రాతి మీద పడి తిరిగొచ్చే ఎండను. ఆ వెలుగు రాతిలోకి మిల్లీమీటరు కూడా దిగదు. జానెడు మట్టి కప్పినా కింద ఏముందో తెలియదు. లోతు సంగతి అయస్కాంత, గురుత్వ సర్వేలూ డ్రిల్లింగూ చెప్పాలి.

పైపొర వరకు మాత్రం ఇది గొప్ప పనిముట్టు. 2015-16లో ఇస్రో విమానంలో మన దేశం మీద తిప్పిన నాసా పరికరం అవిరిస్-ఎన్‌జీ 380 నుంచి 2500 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు) తరంగదైర్ఘ్యం దాకా వెలుగును 5 నానోమీటర్ల చొప్పున విడదీస్తుంది. ఏ ఖనిజం ఏ వెలుగును మింగుతుందో ఆ వెలుగు గ్రాఫు గీతలో ఆ తరంగదైర్ఘ్యం దగ్గర పల్లంగా కనిపిస్తుంది. తెల్లటి బంకమట్టి ఖనిజమైన కెవోలినైట్‌కు 2165, 2205 నానోమీటర్ల దగ్గర జంట పల్లాలు. సున్నపురాయిలోని కాల్సైట్‌కు 2340 దగ్గర, దాన్ని పోలిన, మెగ్నీషియం ఉన్న డోలమైట్‌కు 2320 దగ్గర. ఈ 20 నానోమీటర్ల తేడా సెంటినెల్-2 ఉపగ్రహానికి అందదు. పలుగురాయికి, మంగంపేట ముగ్గురాయికి ఈ పరిధిలో చెప్పుకోదగ్గ పల్లమే లేదు. అంటే పటంలో కనిపించనంత మాత్రాన అక్కడ లేనట్టు కాదు.

పొరపాట్లు ఎక్కువగా 2300 దగ్గరే. ఎండుగడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ పదార్థం, బలపం రాయి, డోలమైట్ అన్నీ అక్కడే పల్లం చూపుతాయి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ బయట ఎండిన బురద కూడా సున్నపురాయిలాగే కనిపిస్తుంది. 1400, 1900 దగ్గర గాలిలోని నీటి ఆవిరి వెలుగును దాదాపు పూర్తిగా మింగేస్తుంది. నేల తడిగా ఉంటే పల్లాలు మసకబారతాయి. అందుకే వానలు వెళ్లిపోయి, పచ్చదనం తగ్గిన నెలల్లో, మబ్బులేని రోజున, పదింటి నుంచి రెండింటి లోపు ఎగరాలి.

ఆ తర్వాత నేల మీద తనిఖీ. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ వెంటనే నురగ కక్కుతుంది. డోలమైట్‌ను పొడి చేస్తేగానీ పొంగదు. పటం ‘లేదు’ అన్న చోట్లనూ చూడాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే.

భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ) వైమానిక సర్వేల విభాగం మన బెంగళూరులోనే ఉంది. ఇకపై ఇలాంటి పటం అచ్చువేసేటప్పుడు మీ విలేకరి మూడు సంగతులు కనుక్కుని పక్కనే వేయాలని కోరుతున్నాం: ఎగిరిన తేదీ, ఒక్కో పిక్సెల్ ఎన్ని మీటర్లు, నేల మీద ఎన్ని చోట్ల సరిచూశారు.

– కొందరు భూవిజ్ఞాన పాఠకులు, బెంగళూరు