శాఖల పట్టిక కాదు, లోలకం పట్టించండి

సంపాదకులకు,

పరీక్షలు దగ్గర పడితే చాలు, విద్యార్థి పేజీల్లో ‘భౌతికశాస్త్రం - ముఖ్య శాఖలు’ అనే పట్టిక ప్రత్యక్షమవుతుంది. యాంత్రికశాస్త్రం అంటే చలనం, ఉష్ణగతికశాస్త్రం అంటే వేడి, ఇలా. బిట్లకు పనికొస్తుందేమో గానీ, ఏ శాఖలో ఏం చేస్తారో దాన్నిబట్టి ఎవరికీ తెలియదు. అందుకు ల్యాబులో మూలన పడున్న లఘులోలకం, అంటే దారానికి వేలాడే గుండు, మేలు.

మొదట యాంత్రికశాస్త్రం. లోలకం పొడవును, దారాన్ని పట్టి ఉంచే చీల్చిన కార్కు కింది అంచు నుంచి గుండు మధ్యదాకా కొలవాలి. గుండు పైఅంచు దగ్గరే ఆపేస్తే, మీటరు లోలకంలో సెంటీమీటరు తగ్గి, లెక్కలో వచ్చే జి (గురుత్వ త్వరణం) విలువ ఒక శాతం పడిపోతుంది. ఊపు 10 డిగ్రీలు దాటకూడదు. గుండు మధ్యస్థానం దాటేటప్పుడే లెక్కపెట్టాలి. ఊపు చివర్లో అది కాసేపు నిలబడినట్టుంటుంది, చెయ్యి తడబడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు వేరే: స్టాప్‌వాచ్ నొక్కుతూ ‘సున్నా’ అనాల్సింది ‘ఒకటి’ అంటారు. 19 డోలనాలే (ఒకసారి వెళ్లి తిరిగి రావడం ఒక డోలనం) 20 అయిపోతాయి. 40.2 సెకన్లకు బదులు 38.2 వస్తుంది, జి 10.8కి ఎగబాకుతుంది. అప్పుడు తప్పు వెతకరు, రికార్డులో 9.8 వచ్చేలా దిద్దుతారు! నిజానికి తిరుపతిలో జి 9.78. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ అది తగ్గుతుంది, లోలకం నెమ్మదిస్తుంది. 1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త రిషే పారిస్‌లో సరిచేసిన లోలక గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గర్లో, దక్షిణ అమెరికాలో ఉన్న కయెన్‌కు తీసుకెళ్తే, అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది.

ఉష్ణం కూడా ఇందులోనే ఉంది. దారానికి బదులు మీటరు ఇత్తడి కడ్డీ అనుకోండి. 30 డిగ్రీల గది రోహిణి కార్తెలో 42కి చేరితే కడ్డీ 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతమాత్రానికే ఆ గడియారం రోజుకు పది సెకన్లు నెమ్మదిస్తుంది.

గుండు తీసి బలమైన అయస్కాంతం వేలాడదీయండి. కింద, తగలకుండా, మందపాటి అల్యూమినియం పలక పెట్టండి. అల్యూమినియం అయస్కాంతానికి అతుక్కోదు కదా, అయినా ఊపు చప్పున చచ్చిపోతుంది. కదిలే అయస్కాంతం పలకలో సుడి ప్రవాహాలు (సుడులు తిరిగే విద్యుత్తు) పుట్టిస్తుంది, అవి ఆ కదలికకే అడ్డుపడతాయి. విద్యుదయస్కాంతత్వానికి ఇంతకన్నా చవకైన పరిచయం లేదు. కాంతికి మాత్రం లోలకం సాగదు, కటకం పట్టుకోవాల్సిందే.

మరి ఆ స్టాప్‌వాచ్‌లోని సెకను ఎక్కడిది? 1967 నుంచి సీజియం అనే లోహపు పరమాణువు ఇచ్చే 919,26,31,770 కంపనాలే సెకను. అది క్వాంటం భౌతికశాస్త్రం.

పాకాల మండలం గాదంకిలోని రాడార్‌కు వెళ్తే శాఖల మధ్య ఈ గీతలే చెరిగిపోతాయి. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పైకి పంపి, గాలిలోని దాదాపు 2.8 మీటర్ల అలజడుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో గాలి వేగం కొలుస్తారు. అందులో విద్యుదయస్కాంతత్వం ఎంత, ప్రవాహి యాంత్రికశాస్త్రం ఎంత అని విడదీయడం వృథా ప్రయాస.

కాబట్టి ఈసారి శాఖల పట్టిక చోట పొడవు, 20 డోలనాల కాలం, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం), ఎల్ బై టీ స్క్వేర్ (పొడవును ఆవర్తన కాలపు వర్గంతో భాగిస్తే వచ్చేది) అనే నాలుగు గడులతో ఖాళీ పట్టిక వేయండి. సెంటీమీటర్లలో కొలిస్తే చివరి గడిలో ప్రతిసారీ 24.8 దగ్గర రావాలి. రాకపోతే ముందు ‘సున్నా’ సంగతి చూసుకోమని కింద ఒక ముక్క రాయండి.

- భౌతికశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి