సీపీ అంకెను చూసి స్టార్‌డస్ట్ తగలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మొబైల్ ఆటల గురించి పత్రికల్లో వచ్చేవి దాదాపు రెండే రకాలు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఒకటి, ఎవరో డబ్బు పోగొట్టుకున్నారని ఇంకొకటి. బయట తిరుగుతూ ఫోన్‌లో పోకెమాన్ అనే జీవులను పట్టి పోరాడించే పోకెమాన్ గో లాంటి ఆటను ఎలా ఆడాలో, ఎక్కడ దెబ్బ తింటారో తెలుగులో వివరంగా రాసేవాళ్లు తక్కువ. 2016 డిసెంబరులో మన దేశానికి అధికారికంగా వచ్చిన ఈ ఆటలో 2023లో హిందీ చేరింది, తెలుగు ఇంకా చేరలేదు. దాంతో కొత్తగా ఆడేవాళ్లు పోకెమాన్ తలమీద కనిపించే సీపీ (కంబాట్ పవర్) అంకెనే బలం అనుకుంటున్నారు. ఆ అంకె వెంట పడి, పోకెమాన్‌ను పెంచడానికి వాడే స్టార్‌డస్ట్ ఎలా ఖర్చయిపోతుందో చెప్పాలనే ఈ ఉత్తరం.

రెయిడ్ (జిమ్ అనే చోట పెద్ద బాస్‌తో కలిసి చేసే పోరు) పాసులు, గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్లు ఆటలోని కాయిన్లతో కొనుక్కోవచ్చు. స్టార్‌డస్ట్‌ను మాత్రం నేరుగా కొనలేం. పట్టాలి, పొదిగించాలి, పోరాడాలి. అందుకే లెక్క అక్కడే మొదలవ్వాలి. రెయిడ్‌లో గెలిచి పట్టుకున్న పోకెమాన్ మామూలుగా లెవెల్ 20లో చేతికొస్తుంది. దాన్ని 30కి తీసుకెళ్లడానికి 75,000 స్టార్‌డస్ట్ అవుతుంది, సామర్థ్యం 22 శాతం పెరుగుతుంది. 30 నుంచి 40కి ఖర్చు 1,50,000, పెరిగేది 8 శాతం. 40 నుంచి 50కి 2,50,000 పోయాలి, పైగా 296 ఎక్స్‌ఎల్ క్యాండీలు (పై లెవెళ్లకు అడిగే ప్రత్యేక మిఠాయిలు) కావాలి. ఇంతా చేస్తే వచ్చేది 6 శాతం. నాలుగో బస్తా యూరియా వేసినట్టే, ఖర్చు పెరుగుతుంది గానీ దిగుబడి ఆ మేరకు పెరగదు. ఒకదాన్ని 20 నుంచి 40కి లేపే 2,25,000తో మూడింటిని 30కి లేపొచ్చు. రెయిడ్‌లోకి ఆరుగురితో దిగుతాం కాబట్టి మూడు గట్టివి ఉండటమే మేలు. 40 దాటాల్సింది సీపీ హద్దు లేని మాస్టర్ లీగ్ (ఆటగాళ్ల మధ్య పోటీ) ఆడేవాళ్లు, ఇద్దరు ముగ్గురే కలిసి ఐదు నక్షత్రాల రెయిడ్ కొట్టాలనుకునేవాళ్లు మాత్రమే.

రెండో భ్రమ నూరు శాతం ఐవీ, అంటే పోకెమాన్‌కు పుట్టుకతో వచ్చే అదనపు పాయింట్లు. దాడి, రక్షణ, ఆయువు అనే మూడింటికీ 0 నుంచి 15 దాకా ఐవీ ఉంటుంది. మామూలు రెయిడ్‌లో దొరికినదానికి ఏదీ 10కి తగ్గదు. మ్యూటూ అనే పోకెమాన్‌నే తీసుకోండి. దాని మూల దాడి 300. ఐవీ 15 ఉంటే 315, 10 ఉంటే 310. తేడా రెండు శాతం కూడా లేదు. ఆ రెండు శాతం కోసం మళ్లీ మళ్లీ పాసులు కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అదే రాకెట్ టీమ్ (ఆటలోని దుష్ట ముఠా) నుంచి దక్కే షాడో మ్యూటూ అయితే దాడి 20 శాతం ఎక్కువ. ఐవీ సున్నా ఉన్నా 360 అవుతుంది, అంటే నూరు శాతం ఉన్న మామూలుదాన్ని దాటేస్తుంది. రక్షణ తగ్గే మాట నిజమే, త్వరగా పడిపోతుంది. అయినా రెయిడ్‌లో మనకు కావలసింది గడియారం ఆగేలోపు దెబ్బలు వేయడం. షాడో దొరికితే ముందు చూపు ఐవీ మీద కాదు, షాడో గుణం తీసేసే ప్యూరిఫై బటన్ పొరపాటున నొక్కకుండా ఉండటం మీద ఉండాలి. అది నొక్కితే మూడు ఐవీలకూ రెండేసి కలుస్తాయి గానీ ఆ 20 శాతం పోతుంది. వెనక్కి తీసుకునే దారి లేదు. షాడోకు అంటుకుని వచ్చే ఫ్రస్ట్రేషన్ అనే పనికిరాని దాడిని చార్జ్‌డ్ టీఎం అనే దాడి మార్చే వస్తువుతో ఎప్పుడంటే అప్పుడు మార్చలేం. రాకెట్ టీమ్ ఈవెంట్లలో అవకాశం ఇచ్చినప్పుడు మార్చుకోవాలి, కాబట్టి టీఎంలు దాచుకోండి.

ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే గ్రేట్ లీగ్‌కు వస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ హద్దు 1500 సీపీ. సీపీ కట్టే సూత్రంలో దాడిని ఉన్నదున్నట్టు గుణిస్తారు, రక్షణకూ ఆయువుకూ వర్గమూలాలు తీస్తారు. అంటే దాడి పెరిగితే సీపీ చప్పున పెరిగి హద్దు తొందరగా తగులుతుంది. దాడి తక్కువుంటే అదే 1500లో ఎక్కువ రక్షణ, ఎక్కువ ఆయువు ఇముడుతాయి. అందుకే దాడి 0, మిగతా రెండూ 15 ఉన్నది చాలా పోకెమాన్లకు ఇక్కడ శ్రేష్ఠం. ఐవీలను చూపే అప్రైజల్‌లో దానికి వచ్చేది రెండు నక్షత్రాలే. ‘రెండే కదా’ అని ప్రొఫెసర్‌కు పంపేసేవాళ్లు, అంటే వదిలించుకునేవాళ్లు, ఎంతమందో! ఎంత పెంచినా 1500 చేరని జాతులకు మాత్రం ఈ సూత్రం వర్తించదు, వాటికి మూడూ నిండుగా ఉండాలి. 1490ల దగ్గర పవర్ అప్ నొక్కేముందు, పరిణామం చేసేముందు కొత్త సీపీ ఎంతవుతుందో చూసుకోండి. 1501 అయిందంటే దాన్ని తగ్గించే మార్గం లేదు.

రెయిడ్‌లో దొరికినదానికి దాడి ఐవీ 10కి తగ్గదు కదా, మరి గ్రేట్ లీగ్‌కు ఎలా అంటే, ట్రేడ్ (స్నేహితుడితో పోకెమాన్ల మార్పిడి) ఉంది. ట్రేడ్ చేస్తే ఐవీలు మళ్లీ కొత్తగా పడతాయి. స్నేహం బాగా ముదిరిన బెస్ట్ ఫ్రెండ్‌తో చేస్తే ఏదీ 5కి తగ్గదు, తొలి దశలోని గుడ్ ఫ్రెండ్‌తో అయితే 1 దాకా దిగొచ్చు. కాబట్టి తక్కువ దాడి కోసం కొత్త స్నేహితుడే నయం. ట్రేడ్‌లో అదృష్టం కొద్దీ లక్కీ రకంగా మారితే పెంచే ఖర్చు సగమవుతుంది కానీ ఏ ఐవీ 12కి తగ్గదు. రెయిడ్లకు వరం, గ్రేట్ లీగ్‌కు అంత సుఖం లేదు. లెజెండరీల (అరుదైన మేటి పోకెమాన్ల) విషయంలో తొందర వద్దు. ఇద్దరి డెక్స్‌లోనూ (పట్టినవాటి జాబితాలో) ఉన్న లెజెండరీకే గుడ్ ఫ్రెండ్ దశలో 20,000 స్టార్‌డస్ట్ పోతుంది. తొంభై రోజులు ఆగి బెస్ట్ ఫ్రెండ్ అయ్యాక 800తో సరి.

వాతావరణం గురించి మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎండ కాస్తే నిప్పు, నేల, గడ్డి రకాలకూ, వాన పడితే నీరు, విద్యుత్, పురుగు రకాలకూ బలం వస్తుంది. ఆ వేళ దొరికే ఆ రకాల రెయిడ్ బాస్ లెవెల్ 25లో వస్తుంది. 20 నుంచి 25కి పెంచే 31,000 స్టార్‌డస్ట్ మిగిలినట్టే. మంచు, ఉక్కు రకాలకు బలం ఇచ్చేది మంచు కురిసే వాతావరణం ఒక్కటే. మంచు రకం రెజైస్, ఉక్కు రకం రిజిస్టీల్ లాంటివి మన జిమ్‌లలో 25లో దొరకవు. మంచు పడుతున్న దేశంలోని స్నేహితుడు దూరం నుంచే ఆడే రిమోట్ రెయిడ్‌కు పిలిస్తే పాస్ అప్పుడు వాడండి, లెక్కలోకి వచ్చేది రెయిడ్ జరిగే చోటి వాతావరణమే.

ఇక 2024 సెప్టెంబరులో వచ్చిన మ్యాక్స్ బ్యాటిల్స్, అంటే పోకెమాన్‌ను కాసేపు భారీగా పెంచి (డైనామ్యాక్స్ చేసి) బాస్‌ను కొట్టే పోరు. ఎక్కువ గందరగోళం ఇక్కడే. మీ దగ్గరున్న పాత చారిజార్డ్ ఎంత గొప్పదైనా ఇక్కడ పనికిరాదు. ఈ పోరు జరిగే పవర్ స్పాట్ దగ్గర పట్టిన డైనామ్యాక్స్ రకం వేరుగా కావాలి. అందులోకి దిగడానికి మ్యాక్స్ పార్టికల్స్ కావాలి. ఒక నక్షత్రానికి 250, మూడింటికి 400, రూపం కూడా మారే జైగాంటమ్యాక్స్ బాస్‌కు 800. గెలిస్తేనే కోత పడుతుంది, ఓడితే పోవు. 1000 దాకే నిల్వ ఉంటాయి కాబట్టి దాచి లాభం లేదు. రెండు కిలోమీటర్లు నడిస్తే 300 వస్తాయి.

తప్పు ఎక్కువగా జరిగేది దాడుల ఎంపికలో. డైనామ్యాక్స్ పోకెమాన్ మ్యాక్స్ దాడి ఏ రకమో దాని ఫాస్ట్ దాడి (వెంటవెంటనే వేసేది) నిర్ణయిస్తుంది, చార్జ్‌డ్ దాడి (శక్తి నిండాక వేసేది) కాదు. మెటాగ్రాస్‌కు బుల్లెట్ పంచ్ ఉంటే ఉక్కు దాడి, జెన్ హెడ్‌బట్ ఉంటే సైకిక్ దాడి వస్తుంది. కాబట్టి మార్చాల్సింది ఫాస్ట్ టీఎంతో. జైగాంటమ్యాక్స్‌కు ఈ బాధ లేదు, దాని రకం స్థిరం. ఇంకోటి, డైనామ్యాక్స్ కావడానికి కావలసిన మీటర్ నిండేదాకా ముందు నిలబడాల్సింది బలంగా కొట్టేది కాదు, దెబ్బలకు తట్టుకుంటూ అర సెకను ఫాస్ట్ దాడి వేసేది. వాటర్ గన్, బైట్, మెటల్ క్లా అలాంటివి. ప్రతి దెబ్బకూ ఎంతో కొంత మీటర్ పెరుగుతుంది కాబట్టి చిన్న దెబ్బలు త్వరగా పడితేనే లాభం. మీటర్ నిండి డైనామ్యాక్స్ అయ్యే ముందు బాస్‌కు ఎదురు రకం ఉన్న పోకెమాన్‌కు మార్చుకుని మూడు దెబ్బలూ దానితోనే వేయించాలి. నలుగురి జట్టులో నలుగురూ కొట్టేవాళ్లే అయితే రెండో విడత చూడకుండానే అందరూ పడిపోతారు. ఒకరైనా కాపు కాసే మ్యాక్స్ గార్డ్, ఆయువు నింపే మ్యాక్స్ స్పిరిట్ మీద క్యాండీ పెట్టి ఉండాలి. జైగాంటమ్యాక్స్‌కు 40 మంది దాకా చేరొచ్చు. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల జనం దొరుకుతారు గానీ చిన్న ఊళ్లవాళ్లు ఆ రోజు పక్క పట్నానికి వెళ్లడం మేలు.

మీరు ఆదివారం చదరంగం చిక్కుముడికీ సుడోకుకూ చోటిస్తున్నారు. అలాగే వారానికో పావు కాలమ్ ఈ లెక్కలకూ ఇవ్వమని విన్నపం. ఆ వారం రెయిడ్ బాస్ ఎవరు, ఏ రకంతో కొట్టాలి, కమ్యూనిటీ డే (ఒకే పోకెమాన్ ఎక్కువగా దొరికే ప్రత్యేక రోజు) ఎప్పుడు, ప్రత్యేక దాడి రావాలంటే ఎన్ని గంటలలోపు పరిణామం చేయాలి అన్నవి వేస్తే చాలు. నకిలీ లొకేషన్ యాప్‌లను ‘చిట్కాలు’ అంటూ ఎవరైనా పంపితే మాత్రం వేయకండి. దొరికిన ఖాతాకు మొదటిసారి ఏడు రోజుల హెచ్చరిక, రెండోసారి ముప్పై రోజుల నిలిపివేత, మూడోసారి శాశ్వత మూత.

— ఒక పాఠకుడు, హన్మకొండ